గుడిబండ రాకుమారుడు కాంతారావు
జానపద చిత్రాలకు చిరునామాగా నిలిచిన కోదాడ ముద్దుబిడ్డ

కోదాడ: చేతిలో కత్తి, తలపై కిరీటం, గుర్రంపై స్వారీ. తెలుగు జానపద చిత్రం అనగానే ప్రేక్షకుల కళ్ల ముందు మెదిలే రూపాల్లో ముందు వరుసలో ఉండేది కాంతారావుది. ఎన్టీ రామారావు, అక్కినేని నాగేశ్వరరావు తెలుగు తెరను ఏలుతున్న కాలంలోనే ఆయన తనకంటూ ఒక రాజ్యాన్ని ఏర్పరచుకున్నారు. ఆ రాకుమారుడి స్వస్థలం కోదాడ మండలంలోని గుడిబండ. 400కు పైగా చిత్రాల్లో నటించి, 'కత్తి కాంతారావు'గా జనం నోట నిలిచిన ఆయన జీవితంలో వెలుగు ఎంత ఉందో చీకటీ అంతే ఉంది. నటుడిగా సంపాదించినది నిర్మాతగా పోగొట్టుకున్నారు. సొంతూరి భూములు కరిగిపోయాయి. కడదాకా మేకప్ మాత్రం వదల్లేదు.

నిజాం ఏలుబడిలో బాల్యం

కాంతారావు పూర్తి పేరు తాడేపల్లి లక్ష్మీకాంతారావు. 1923 నవంబరు 16న గుడిబండలో జన్మించారు. అప్పట్లో ఈ ప్రాంతం హైదరాబాద్ సంస్థానంలోని నల్గొండ జిల్లాలో ఉండేది. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగాక గుడిబండ సూర్యాపేట జిల్లా పరిధిలోకి వచ్చింది. భూవసతి కలిగిన కుటుంబంలో పుట్టిన ఆయనకు బాల్యంలో తిండికీ బట్టకూ లోటు లేదు. నాటకమంటే మాత్రం తీరని ఆకలి.

నిజాం పాలనలో రాజభాష ఉర్దూ. కచేరీల్లోనూ, బడుల్లోనూ దానిదే పెత్తనం. తెలుగు పద్యం, తెలుగు పాట గట్టిగా వినిపించేది ఊరి నడుమ రచ్చబండ వద్ద, భజన మందిరాల్లో, రాత్రివేళ పెట్రోమాక్సు దీపాల వెలుగులో ఆడే నాటకాల్లోనే. కోదాడ ప్రాంతానికి మరో అనుకూలత ఉంది. ఇది సంస్థానానికి తూర్పు సరిహద్దు. అవతల కొద్ది మైళ్ల దూరంలో జగ్గయ్యపేట, ఆపైన బెజవాడ. పౌరాణిక పద్యనాటకాలకు కృష్ణాతీరం పుట్టినిల్లు వంటిది. ఆ గాలి సరిహద్దు దాటి కోదాడ పల్లెలకు సులువుగా వీచేది. యువకుడైన కాంతారావు ముఖానికి రంగు వేసుకొని నాటకాల్లో వేషాలు కట్టారు. పద్యాన్ని విరిచి చెప్పడం, మాటను తూచి పలకడం ఆయనకు అబ్బింది రంగస్థలం మీదనే.

ఆయన యవ్వనం గడిచిన రోజులు మామూలువి కావు. 1946 నుంచి నల్గొండ జిల్లా తెలంగాణ సాయుధ పోరాటంతో అట్టుడికింది. సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో పల్లెపల్లెనా అలజడి రేగింది. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో సంస్థానం భారత యూనియన్‌లో విలీనమైంది. 1951 అక్టోబరులో పోరాట విరమణ జరిగింది. సరిగ్గా ఆ కాలంలోనే గుడిబండ యువకుడు సినిమా వేషాల కోసం మద్రాసు దారి పట్టారు. తెలంగాణ నుంచి కోడంబాకం వెళ్లి నిలదొక్కుకున్నవారు అప్పటికి వేళ్ల మీద లెక్కపెట్టదగినంత మందే. అండగా నిలిచే బంధువర్గం గాని, చేయి పట్టి నడిపించే పలుకుబడి గాని అక్కడ ఆయనకు లేవు.

హెచ్ఎం రెడ్డి కంట పడి

కాంతారావుకు తొలి అవకాశం ఇచ్చింది సామాన్యుడు కాదు. తెలుగువారి తొలి టాకీ 'భక్త ప్రహ్లాద'ను తెరకెక్కించిన హెచ్ఎం రెడ్డి. ఆయన తీసిన 'నిర్దోషి' (1951)లో కాంతారావు చిన్న వేషంతో తొలిసారి తెరపై కనిపించారు. రెండేళ్లకే అదే సంస్థ నిర్మించిన 'ప్రతిజ్ఞ' (1953)తో కథానాయకుడయ్యారు. రాజనాల కాళేశ్వరరావు ప్రతినాయకుడిగా చిత్రసీమలో అడుగు పెట్టింది కూడా ఈ చిత్రంతోనే. ఒకే చిత్రంతో ఒకరు నాయకుడు, మరొకరు ప్రతినాయకుడు అయ్యారు. ఆ తర్వాత దాదాపు రెండు దశాబ్దాల పాటు వీరిద్దరి కత్తుల శబ్దం తెలుగునాట సినిమా హాళ్లలో మార్మోగింది.

కథానాయకుడైన వెంటనే వరుసగా అవకాశాలు రాలేదు. ఆయన వెనుదిరగక చిన్నా పెద్దా తేడా లేకుండా వచ్చిన వేషాలు వేశారు. రామారావు సొంత సంస్థ ఎన్ఏటీ 1955లో నిర్మించిన 'జయసింహ' ఆయనకు మలుపు. రామారావు జయసింహుడు కాగా, ఆయన తమ్ముడి పాత్ర కాంతారావును వరించింది. వహీదా రెహమాన్ తొలినాళ్లలో నటించిన తెలుగు చిత్రాల్లో ఇదొకటి. ఈ చిత్రంతో రామారావు, కాంతారావుల మధ్య ఏర్పడిన జోడీ తర్వాత ఎన్నో పౌరాణిక, జానపద చిత్రాల్లో కొనసాగింది.

విఠలాచార్య చేతిలో వజ్రాయుధం

కాంతారావు పేరును పల్లెపల్లెకూ తీసుకువెళ్లినవారు దర్శక నిర్మాత బి.విఠలాచార్య. కన్నడ సీమలోని ఉడుపి ప్రాంతం నుంచి వచ్చి, టూరింగ్ టాకీసులు నడిపి, సినిమా నిర్మాణంలోకి దిగిన విఠలాచార్యకు ప్రేక్షకుడి నాడి తెలుసు. పగలంతా పొలంలో చెమటోడ్చిన మనిషి రాత్రి నేల టికెట్టు కొని కూర్చుంటే అతడికి ఏం కావాలో ఆయన ఎరుగుదురు. మాయలు, మంత్రాలు, భేతాళులు, రాక్షసులు, పాతాళ గుహలు. వాటి నడుమ ధర్మం తప్పని ఒక వీరుడు. ఆ వీరుడి పాత్రకు కాంతారావు అచ్చుగుద్దినట్టు సరిపోయారు.

'జయవిజయ' (1959), 'కనకదుర్గ పూజా మహిమ' (1960), 'వరలక్ష్మీ వ్రతం' (1961), 'మదనకామరాజు కథ' (1962), 'గురువును మించిన శిష్యుడు' (1963), 'నవగ్రహ పూజా మహిమ' (1964), 'జ్వాలాద్వీప రహస్యం' (1965) ఇలా ఏడాదికి ఒకటి చొప్పున చిత్రాలు వచ్చాయి. పొదుపుగా, వేగంగా చిత్రాన్ని పూర్తి చేయడం విఠలాచార్య పద్ధతి. ఒకసారి వేసిన సెట్టునే రంగు మార్చి, తెర మార్చి మరోచోట వాడుకునేవారు. నటుడు షూటింగుకు రాకపోతే ఆ పాత్రను మేకగానో చిలుకగానో మార్చేసి కథ నడిపించేవారన్న ముచ్చట చిత్రసీమలో నేటికీ చెప్పుకొంటారు. అటువంటి పద్ధతిలో పనిచేసే దర్శకుడికి చెప్పిన వేళకు వచ్చి, చెప్పిన పని చేసే నాయకుడు కావాలి. కాంతారావు అటువంటి నటుడు. క్రమశిక్షణ, ఓర్పు ఆయనకు పెట్టుబడులు.

కంప్యూటర్ మాయాజాలం పుట్టని రోజులవి. మనిషి మాయం కావాలన్నా, కత్తి గాలిలో ఎగరాలన్నా కెమెరాను ఆపి, మళ్లీ తిప్పి, ఒకే ఫిల్మును రెండుసార్లు కాంతికి గురిచేసి సాధించవలసిందే. ఎదుట ఏమీ లేకపోయినా రాక్షసుడు ఉన్నట్టు ఊహించుకొని నటుడు కత్తి దూయాలి. చూపు అంగుళం తప్పినా మాయ బయటపడుతుంది. నిజం లేనిచోట నిజాన్ని చూపగలిగిన ఆ చూపే కాంతారావు నటనకు ఆయువుపట్టు.

కత్తి దూసిన చేయి

జానపద చిత్రానికి కత్తియుద్ధం ప్రాణం. ఖడ్గచాలనంలో కాంతారావు చూపిన ఒడుపు 'కత్తి' అన్న మాటను ఆయన ఇంటిపేరుగా మార్చింది. నిటారైన విగ్రహం, పొందికైన శరీరం, తొందరపాటు లేని అడుగు ఆయన సొత్తు. ఎదుటివాడి కత్తి పడే చోటును ముందే పసిగట్టినట్టు కదిలేవారు. రాజనాల గర్జిస్తూ మీదికి ఉరికితే, కాంతారావు చిరునవ్వుతో తప్పుకొనేవారు. ఒకరిది ఆవేశం, మరొకరిది నిబ్బరం. ఆ తేడాయే వారి పోరాటాలకు రక్తి కట్టించింది.

నాయికగా కృష్ణకుమారితో ఆయన జంట జానపద ప్రియులకు కన్నులపండువ. రాజశ్రీ కూడా ఎన్నో చిత్రాల్లో ఆయన సరసన నటించారు. ఘంటసాల, పీబీ శ్రీనివాస్ తదితరుల గళాలు తెరపై ఆయన గొంతుగా పలికాయి. కాంతారావు పెదవి కదలికలో పద్యం తాలూకు విరుపు స్పష్టంగా కనిపించేది. గుడిబండ పరిసరాల్లో నాటకాలాడిన అలవాటు అక్కడ అక్కరకు వచ్చింది.

సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతాల్లో ఆ రోజుల్లో సినిమా చూడటం ఒక పండుగ. చుట్టుపక్కల పల్లెల నుంచి ఎడ్లబండ్లు కట్టుకొని జనం పట్నానికి వచ్చేవారు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగిన నాగార్జునసాగర్ ప్రాజెక్టు అప్పటికి నిర్మాణంలో ఉంది. ఎడమ కాలువ నీళ్లు ఇంకా మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చేలను తడపలేదు. మెట్టపంటల మీద, వాన మీద ఆధారపడిన ఆ బతుకుల్లో తెర మీద రాక్షసుణ్ని కూల్చే వీరుడు తమ పక్క ఊరివాడన్న మాట చిన్నది కాదు.

1963: నాలుగు చిత్రాలు, నాలుగు రూపాలు

కాంతారావును కేవలం కత్తివీరుడిగా లెక్కగట్టడం ఆయనకు అన్యాయం చేయడమే. ఆయన పరిధి ఎంతటిదో 1963 ఒక్కటే చాటుతుంది. ఆ ఏడాది జనవరిలో కేవీ రెడ్డి దర్శకత్వంలో 'శ్రీకృష్ణార్జున యుద్ధం' విడుదలైంది. రామారావు శ్రీకృష్ణుడు, నాగేశ్వరరావు అర్జునుడు. ఇద్దరు అగ్రనటుల మధ్య తంపులమారి నారదుడిగా కాంతారావు మెప్పించారు.

మార్చిలో 'లవకుశ' వచ్చింది. తెలుగులో పూర్తి నిడివి తొలి రంగుల చిత్రంగా చరిత్రకెక్కిన ఆ కావ్యంలో ఆయన లక్ష్మణుడు. అన్న ఆజ్ఞను తలదాల్చి, నిండు చూలాలైన వదినను అడవిలో విడిచి రావలసిన తమ్ముడి వేదన ఆ పాత్రది. రామారావు, అంజలీదేవి పోటాపోటీగా నటించిన ఆ చిత్రంలో లక్ష్మణుడికి మాటలు పరిమితం. దించిన తలతో, తడిసిన కన్నులతో చెప్పవలసిందే ఎక్కువ. కాంతారావు ఆ బరువును మోసి చూపారు. ఆ ఘట్టం వద్ద హాలులో కంటతడి పెట్టని మహిళలు లేరని అప్పటి తరం చెప్పుకొనేది.

అక్టోబరులో 'నర్తనశాల'. కమలాకర కామేశ్వరరావు దర్శకత్వం వహించిన ఈ చిత్రంలో రామారావు అర్జునుడిగా, బృహన్నలగా నటించడంతో శ్రీకృష్ణ పాత్ర కాంతారావును వరించింది. తెలుగువారికి కృష్ణుడంటే రామారావే అన్న భావన బలపడిన కాలమది. ఆయన ఎదుటే ఆ కిరీటం పెట్టుకొని నిలబడటం సాహసం. కాంతారావు రామారావును అనుకరించకుండా తనదైన సౌమ్యంతో ఆ పాత్రను నడిపారు. ఈ చిత్రం 1964లో జకార్తాలో జరిగిన ఆఫ్రో ఆసియా చలనచిత్రోత్సవంలో ప్రదర్శితమై, కీచకుడిగా నటించిన ఎస్వీ రంగారావుకు ఉత్తమ నటుడి గౌరవం తెచ్చిపెట్టింది. అదే ఏడాది వచ్చిన 'గురువును మించిన శిష్యుడు'లో కాంతారావు జానపద నాయకుడు. నారదుడు, లక్ష్మణుడు, శ్రీకృష్ణుడు, కత్తివీరుడు. నాలుగింటికీ పొంతన లేదు. నలుగురినీ జనం నమ్మారు.

నారదుడంటే ఆయనే

నారద పాత్రలో కాంతారావుది ప్రత్యేక స్థానం. రామారావు స్వీయ దర్శకత్వంలో రావణుడిగా నటించిన 'సీతారామ కల్యాణం' (1961)లోనూ, 'శ్రీకృష్ణ తులాభారం' (1966)లోనూ ఆయనే నారదుడు. వీణ మీటే తీరు, కనుబొమల ఆటలో కనిపించే కొంటెతనం, కలహం పెడుతున్నా కల్మషం లేని నవ్వు ఆ పాత్రకు ఆయన తెచ్చిన అందాలు. నారదుణ్ని విదూషకుడి స్థాయికి దించకుండా, దేవర్షి హోదా చెడకుండా హాస్యం పండించడం కత్తిమీద సాము. ఆ సాము కూడా ఆయనకు తెలుసు.

రామారావు వేరే పాత్ర ధరించినప్పుడల్లా శ్రీకృష్ణుడి కోసం దర్శకులు కాంతారావు వైపు చూసేవారు. 1965లో వచ్చిన 'పాండవ వనవాసం'లో రామారావు భీముడు, కాంతారావు శ్రీకృష్ణుడు. అదే ఏడాది వచ్చిన 'వీరాభిమన్యు'లో రామారావు శ్రీకృష్ణుడు కాగా, కాంతారావు అర్జునుడు. ఒకే సంవత్సరంలో ఒక చిత్రంలో దేవుడిగా, మరో చిత్రంలో ఆ దేవుడి చెలికాడిగా కనిపించి రెండింటా మన్నన పొందారు.

1969లో విశ్వనాథ సత్యనారాయణ నవల ఆధారంగా సీఎస్ రావు దర్శకత్వంలో 'ఏకవీర' రూపొందింది. మధుర నాయకరాజుల కాలం నాటి ఆ విషాద కథలో రామారావుతో సమానమైన ప్రాధాన్యం ఉన్న వీరభూపతి పాత్రను కాంతారావు పోషించారు. సి.నారాయణరెడ్డి మాటలు రాసిన ఈ చిత్రం ఆర్థికంగా ఆశించినంత ఫలితం ఇవ్వలేదు. కాంతారావు నటనలోని లోతును చూడదలచినవారికి మాత్రం నేటికీ ఇది చక్కని ఆధారం.

నిర్మాతగా చేదు అనుభవం

అగ్రస్థాయి తారలకు దక్కినంత పారితోషికం జానపద నాయకుడికి దక్కేది కాదు. తక్కువ పెట్టుబడితో తీసే చిత్రాల్లో నాయకుడి వాటా కూడా తక్కువే. సొంతంగా చిత్రాలు తీసి నిలదొక్కుకోవాలన్న తలంపు కాంతారావుకు కలిగింది. భార్య హైమావతి పేరిట హైమా ఫిలిమ్స్ సంస్థను నెలకొల్పారు. 'సప్తస్వరాలు' (1969), 'గండరగండడు' (1969), 'ప్రేమజీవులు' (1971), 'గుండెలు తీసిన మొనగాడు' (1974) ఆయన నిర్మించిన చిత్రాలు. తర్వాత చాన్నాళ్లకు 'స్వాతిచినుకులు' తీశారు.

కాలం ఆయనకు అనుకూలించలేదు. ఆయన నిర్మాణంలోకి దిగిన రోజులకే జానపద చిత్రానికి సంధ్యవేళ మొదలైంది. ప్రేక్షకులు రంగుల చిత్రాలకు అలవాటు పడుతున్నారు. రాజుల కోటలు, మాయాద్వీపాలు రంగుల్లో చూపాలంటే ఖర్చు ఎన్నో రెట్లు పెరుగుతుంది. నలుపు తెలుపుల్లో పాత సెట్టుకు కొత్త తెర కట్టి నడిపిన ఒడుపు రంగుల్లో చెల్లదు. 1971లో కృష్ణ 'మోసగాళ్లకు మోసగాడు'తో కౌబాయ్ గుర్రం దౌడు తీసింది. కత్తి స్థానంలో తుపాకీ వచ్చింది. సాంఘిక చిత్రాలకు ఆదరణ పెరిగింది. అప్పటికి కాంతారావు వయసు యాభైకి చేరువవుతోంది.

ఒక చిత్రం నష్టాన్ని పూడ్చేందుకు మరో చిత్రం, దాని అప్పు తీర్చేందుకు ఇంకో చిత్రం. సినీ నిర్మాణంలో ఎందరినో ముంచిన సుడి ఇదే. గుడిబండలోని వ్యవసాయ భూములను ఆయన అమ్ముకోవలసి వచ్చింది. నటుడిగా కూడబెట్టిన ఆస్తులూ చేజారాయి. సాగర్ ఎడమ కాలువ వచ్చి కోదాడ, హుజూర్‌నగర్, మిర్యాలగూడ ప్రాంతాల్లో వరి సిరులు కురిసి, ఎకరం విలువ పెరుగుతూ వచ్చిన దశాబ్దాల్లోనే ఆ ఊరి రాకుమారుడి భూమి పరాధీనమైంది. ఈ వైచిత్రిని గుడిబండ ప్రాంత పెద్దలు నేటికీ తలచుకొంటారు.

నాయకుడు కాస్తా తండ్రి పాత్రల్లోకి

అప్పులు మీద పడినా కాంతారావు ముఖం చాటేయలేదు. నాయకుడిగా వెలిగినవారు చిన్న వేషాలకు ఒప్పుకోవడం చిత్రసీమలో అరుదు. ఆయన అభిమానం పక్కన పెట్టి తండ్రిగా, జమీందారుగా, పెద్దమనిషిగా వచ్చిన ప్రతి పాత్రకూ తలొగ్గారు. 1975లో బాపు దర్శకత్వంలో వచ్చిన 'ముత్యాల ముగ్గు'లో కథానాయకుడి తండ్రి రాజా రామదాసుగా ఆయన ప్రదర్శించిన హుందాతనం అందరి మెప్పూ పొందింది. ఆ చిత్రం జాతీయ స్థాయిలో ఉత్తమ తెలుగు చిత్రంగా ఎంపికైంది. కత్తి లేకపోయినా, కిరీటం లేకపోయినా తెరపై ఆయన ఉనికి తగ్గదని ఆ పాత్ర నిరూపించింది.

చిత్ర పరిశ్రమ క్రమంగా మద్రాసు నుంచి హైదరాబాదుకు తరలి రావడంతో ఆయన కూడా చివరి దశలో రాజధానికి చేరారు. వేషాలు తగ్గాయి. కుటుంబ భారం తగ్గలేదు.

బుల్లితెర ఇచ్చిన రెండో జీవితం

ఈ దశలో కాంతారావును ఆదుకున్నవాటిలో బుల్లితెర ఒకటి. 1977లో హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం ప్రారంభం కాగా, 1995లో ప్రైవేటు తెలుగు చానళ్లు వచ్చాయి. ధారావాహికల నిర్మాణం ఊపందుకొంది. సినిమాల్లో అవకాశాలు తగ్గిన సీనియర్ నటీనటులకు ఆ ధారావాహికలు జీవనాధారమయ్యాయి. ఒకప్పుడు వందలాది గుర్రాల నడుమ కత్తి దూసిన కాంతారావు, ఇంటి గది వంటి చిన్న సెట్టులో తాతగా, ఇంటి పెద్దగా కూర్చొని మాటలు చెప్పారు. చిన్న వేషం, పెద్ద వేషం అన్న తేడా ఆయనకు లేదు. పని దొరకడమే గౌరవంగా భావించారు.

బుల్లితెర ఆయనకు మరో మేలు కూడా చేసింది. మధ్యాహ్నం వేళ చానళ్లలో పాత చిత్రాల ప్రసారం మొదలైంది. వంటావార్పూ ముగించుకొని టీవీ ముందు కూర్చున్న గృహిణులు, బడి సెలవు రోజుల్లో ఇంట ఉన్న పిల్లలు కాంతారావును మళ్లీ చూశారు. ఆయన చిత్రాలు విడుదలైన నాటికి పుట్టనివారు సైతం నారదుణ్నీ, లక్ష్మణుణ్నీ, కత్తివీరుణ్నీ గుర్తుపట్టసాగారు. సినిమా హాళ్లలో మూతపడిన జానపదం ఇళ్లలో మళ్లీ తెర తీసుకుంది. కాకపోతే పాత చిత్రం ఎన్నిసార్లు ప్రసారమైనా నటుడికి వచ్చేది ఏమీ ఉండదు. ఒప్పందం నాడు తీసుకొన్న పారితోషికంతోనే ఆయన లెక్క ముగిసిపోతుంది. ప్రతి ఇంటా తన ముఖం వెలుగుతున్నా తన ఇంట దీపానికి నూనె వెతుక్కోవలసిన స్థితి ఆనాటి ఎందరో నటులది. కాంతారావు అందుకు మినహాయింపు కాలేదు.

తెరపై ఆయనకు బద్ధశత్రువైన రాజనాల కథ కూడా అదే దారిన నడిచింది. నెల్లూరు జిల్లాకు చెందిన రాజనాల చివరి రోజుల్లో అనారోగ్యంతో, ఆర్థిక ఇబ్బందులతో సతమతమై 1998లో కన్నుమూశారు. 'ప్రతిజ్ఞ'తో కలిసి ప్రయాణం మొదలుపెట్టిన నాయకుడు, ప్రతినాయకుడు ఇద్దరినీ చివరకు ఓడించింది ఒకే శత్రువు. అది లేమి.

గౌరవం, తుది వీడ్కోలు

చలనచిత్ర రంగానికి చేసిన సేవకు గుర్తింపుగా రాష్ట్ర ప్రభుత్వం కాంతారావును రఘుపతి వెంకయ్య పురస్కారంతో సత్కరించింది. తన జీవిత విశేషాలను ఆయన 'అనగనగా ఒక రాకుమారుడు' పేరిట గ్రంథస్థం చేశారు. ఆ పేరులోనే ఆయన వ్యక్తిత్వం ఉంది. కథ గతంలోకి వెళ్లిపోయిందన్న ఎరుక ఉంది. రాకుమారుడినన్న మురిపెం చెరగలేదు.

చివరి రోజుల్లో క్యాన్సర్ వ్యాధి ఆయనను కుంగదీసింది. 2009 మార్చి 22న హైదరాబాద్‌లో తుదిశ్వాస విడిచారు. అప్పటికి ఆయన వయసు 85 ఏళ్లు. ఆయన మరణం తర్వాత కుటుంబం ఆర్థిక ఇబ్బందులు ఎదుర్కొంటున్న విషయం పలుమార్లు వార్తలకెక్కింది. నాలుగు దశాబ్దాలకు పైగా కోట్లాది మందిని అలరించిన నటుడి ఇంటి పరిస్థితి, వృద్ధ కళాకారులకు స్థిరమైన ఆసరా కావాలన్న చర్చకు తావిచ్చింది.

జిల్లా పేరు నిలిపిన ఇద్దరు

సూర్యాపేట జిల్లా తెలుగు తెరకు అందించిన మరో ప్రముఖుడు డాక్టర్ ఎం.ప్రభాకర్‌రెడ్డి. తుంగతుర్తికి చెందిన ఆయన వైద్యవిద్య చదివి, 1960లో 'చివరకు మిగిలేది'తో నటుడయ్యారు. రచయితగా, నిర్మాతగా కూడా రాణించి 1997లో మరణించారు. సినీ కార్మికుల గృహవసతి కోసం ఆయన చేసిన కృషికి గుర్తుగా హైదరాబాద్‌లోని చిత్రపురి కాలనీకి ఆయన పేరు పెట్టారు. ఒకరు సొంత భూమిని సినిమా కోసం పోగొట్టుకొన్నారు. మరొకరు సినిమావారికి నిలువ నీడ కోసం పాటుపడ్డారు. ఇద్దరూ ఈ జిల్లా మట్టిలో పుట్టినవారే.

కాంతారావు శతజయంతి 2023 నవంబరుతో పూర్తయింది. తెలంగాణ ప్రభుత్వం 2025లో తొలిసారిగా అందజేసిన గద్దర్ చలనచిత్ర పురస్కారాల్లో ఆయన పేరిట ఒక ప్రత్యేక పురస్కారాన్ని చేర్చింది. ఎన్టీఆర్, పైడి జైరాజ్, బీఎన్ రెడ్డి, రఘుపతి వెంకయ్య వంటి మహామహుల పేర్ల సరసన గుడిబండ బిడ్డ పేరు నిలిచింది. కాంతారావు పురస్కారాన్ని తొలిసారి నటుడు విజయ్ దేవరకొండ అందుకొన్నారు.

సరిహద్దు పల్లె నుంచి అండాదండా లేకుండా మద్రాసు చేరి, మహానటుల సరసన నిలిచి, తెలంగాణ యువకుడు తెలుగు తెరపై కథానాయకుడు కాగలడని తొలితరంలోనే చాటిన ఘనత కాంతారావుది. ఆయన ఆస్తులు మిగల్లేదు. నారదుడి చిరునవ్వు, లక్ష్మణుడి కన్నీరు, కత్తివీరుడి నిబ్బరం మిగిలాయి. హైదరాబాద్, విజయవాడ జాతీయ రహదారి మీద కోదాడ దాటి వెళ్లే ఏ పాత సినిమా అభిమానికైనా ఆ పేరు ఒకసారి గుర్తుకు రాక మానదు.